గరగర మామ సాఫు చేసిన యాంపు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. మరీ పాతకాలం మాటేం కాదు, ఏడేళ్లయింది అంతే. కానీ అప్పటి నన్ను తలుచుకుంటే ఎవడో దూరపు చుట్టాల కుర్రాడిలా కనిపిస్తాడు, అదీ పెళ్లిళ్లలో దొరక్కుండా తప్పించుకు తిరగాల్సిన రకం. వయసు ఇరవై మూడు, చేతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా, ఫోన్ నిండా ఎక్కడెక్కడి ముసలాళ్లో తమ షెడ్లలో కూర్చుని యాంప్లిఫైయర్లు విప్పే వీడియోలు. ఈ మూడూ ఒకే మనిషిలో చేరితే వాడితో ఇంట్లోవాళ్లు ఎట్లా వేగారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మా నాన్న హుస్సేనీ ఆలంలో ఒక చిన్న గుడికి అర్చకుడు. మా తాతా అదే గుడి, ముత్తాతా అదే గుడి. "గుళ్లె కూసుంటవో, ఆఫీసుల కూసుంటవో, ఏదో ఒక తాన కూసో, తిరగకు" అనేవాడు నాన్న. నేను ఆ రెండూ కాదని మా మేనమామ రిపేరు దుకాణంలో కూర్చున్నాను. అది కూడా తాత్కాలికమేనని అందరికీ చెప్పేవాణ్ణి. మామ ఎదురుగా ఉన్నా చెప్పేవాణ్ణి.

మామ అంటే మా అమ్మకు అన్న. పురానాపూల్ వైపు వెళ్లే దారిలో ఒక్క షట్టరు దుకాణం ఆయనది. రేడియోలు, గుడి మైకులు, కవ్వాలీ పార్టీల యాంపులు, పెళ్లి బ్యాండువాళ్ల డబ్బాలు, ఏది పాడైనా ఆయన దగ్గరికే వచ్చేది. బస్తీ మొత్తానికి ఆయన పేరు గరగర మామ. ఎందుకంటే సెట్టు బల్ల మీద పెట్టీ పెట్టకముందే "క్యా భాయ్, గర్‌గర్ కర్రా క్యా?" అని అడిగేవాడు. స్పీకరుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, ఎక్కడో ఒక మూల సన్నటి గరగర వినిపించినా సరే సెట్టు వాపసు ఇచ్చేవాడు కాదు. "ఆవాజ్ సాఫ్ హోనా", అంటే ధ్వని శుభ్రంగా రావాలి అనేది ఆయనకు మా నాన్న చదివే మంత్రాల కంటే ఎక్కువ. (ఒకసారి బ్యాండు మాస్టరు వచ్చి, బరాత్ బయలుదేరింది చాచా, ఇచ్చెయ్యి అని ప్రాధేయపడితే "జర ఆగు, ఇంగ కొంచెం ఉంది" అని కూర్చోబెట్టాడు. పెళ్లికొడుకు పాటా పద్యం లేకుండా గుర్రం మీద ఫంక్షన్ హాలు దాకా వెళ్లాడు. బ్యాండు మాస్టరు మళ్లీ ఆ గల్లీకి రాలేదు. మామకు దాని గురించి ఏ ఫికరూ లేదు.) నాకు పని అంతా నేర్పింది ఆయనే. సోల్డరు ఎంత పెట్టాలి, వైర్లు ఎట్లా కట్టాలి, అన్నిటికన్నా ముందు వాల్వు సెట్టు ఆపగానే లోపల చెయ్యి పెట్టకూడదు, కెపాసిటర్లలో దాగి మనిషిని చంపగల కరెంటు తీసెయ్యాలి అని. ఆయన దాన్ని "చార్జి తీసుడు" అనేవాడు. ఇవన్నీ నేర్చుకుని, నాకు ఇవి పుట్టుకతోనే వచ్చాయని నేను నమ్మడం మొదలుపెట్టాను.

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం పిలకన్న వచ్చాడు. గిటారు వాయించేవాడు, ఊరికి ఆ చివర, అద్దాల మేడలున్న వైపు మనిషి. జుట్టంతా వెనక్కి లాగి పిలక కట్టుకున్నాడు. (తర్వాత మా నాన్న ఆయన్ను గల్లీలో చూసి, ఈ కాలంలో కూడా శిఖ పెట్టుకునే పిల్లలు ఉన్నారని మురిసిపోయి, ఏ గుడి అని అడిగాడు.) పాపం మా దగ్గరికి చేరేలోపే ఆయనకు ఒక గంట గడిచింది. "ట్యూబ్ యాంప్ ఎక్కడ రిపేర్ చేస్తారు" అని గల్లీ మొగదల అడిగితే జనం ట్యూబు అన్న ఒక్క మాట పట్టుకుని సైకిల్ దుకాణానికి పంపారు. అక్కడ ఆయన ఇరవై కిలోల డబ్బా మోసుకుని నిలబడితే సైకిలాయన "ఏ సైజు?" అని అడిగాడట. పాత రేడియోల్లో వెలిగే ఆ గాజు బుడ్డిని మా వైపు వాల్వు అంటాం, ట్యూబు అంటే గాలి కొట్టేదే. చివరికి మా షట్టరు ముందుకొచ్చి చెమట తుడుచుకుంటూ "ఇక్కడ వాల్వుల పని తెలిసిన ఒకాయన ఉన్నారట కదా, భజన గ్రూపులో ఒక ఫ్రెండ్ చెప్పాడు. ఆయన కోసం వచ్చాను" అన్నాడు. మామ ఆ సమయానికి మా గుడి మైకు బాగు చెయ్యడానికి పోయాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నేనే" అన్నాను.

ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, ఇంత చిన్న వయసులో అని ఆశ్చర్యపోయి, వచ్చిన పని చెప్పాడు. "ఇది మోడర్న్ యాంప్ బ్రో. రెండు చానళ్లు, పదకొండు నాబ్‌లు, లైట్లు, అన్నీ ఉన్నాయి, ప్రాణం లేదు. దీన్ని పాత సర్క్యూట్‌లోకి మార్చాలి. ఒక వాల్యూమ్, ఒక టోన్, అంతే. మెల్లిగా వాయిస్తే తియ్యగా ఉండాలి, గట్టిగా కొడితే సౌండ్ చిరిగిపోవాలి. నాకు ఆ డర్ట్ కావాలి." అని, గోడకున్న మామ రేడియోలను ఒకసారి చూసి, నన్ను కట్టిపడేసిన మాట అన్నాడు. తను స్టూడియో పెడుతున్నాడు, టెక్నికల్ మనిషి కావాలి, "ఇది నేననుకున్నట్టు వస్తే నువ్వే మా ఇంజినీర్" అన్నాడు. ఇంజినీర్ అన్నాడు. డిప్లొమా వాణ్ణి అప్పటిదాకా ఎవరూ ఆ మాట అనలేదు. మా గల్లీలో నేను గరగర మామ అల్లుడిని, అంతే. ఆ యాంపు మార్చి ఆ ఉద్యోగం కొట్టకపోతే ఇక నా బతుకు ఆ షట్టరు కిందే అని అప్పటికప్పుడు తీర్మానించుకున్నాను.

సాయంత్రం మామ వచ్చి డబ్బా చూసి "ఏందిరా ఇది?" అన్నాడు. "పాత ఆవాజ్ కావాల్నంట మామా. పాత పద్ధతిల మారుస్తున్న" అన్నాను. అంతకు మించి చెప్పలేదు. ఆయన ముఖం ఒక్కసారిగా వెలిగింది. "పాత ఆవాజా? గీ కాలంల గట్ల అడిగెటోళ్లు ఉన్నరారా ఇంగ?" అని రెండు మూడుసార్లు అన్నాడు. ఇనప పెట్టె తెరిచి, పాత ధోవతి గుడ్డలో చుట్టి ఇన్నేళ్లూ ఎవరికీ ఇవ్వని రెండు వాల్వులు తీసి "ఇవి పెట్టు, అసల్‌వి" అని నా చేతిలో పెట్టాడు. "ఆ అన్న ఎప్పుడొస్తడు? నేను జర కలుస్త" అన్నాడు. "నీకెందుకు మామా, నేను చూసుకుంట గద" అన్నాను. పిలకన్నకు కావాల్సిన పాత ధ్వని చిరిగిపోయే ధ్వని. మామకు తెలిసిన పాత ధ్వని ఒక్క మరక లేని ధ్వని. రెండూ వేరని రెండు ముక్కల్లో చెప్తే అయిపోయేది. నాకు నామోషీ అనిపించింది. (డర్ట్ కావాలన్నాడని చెప్తే "మురికి కావాల్నంటే పక్కనే మూసీ ఉంది గదరా" అని పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వుకు భయపడే చెప్పలేదు.)

మూడు వారాలు కష్టపడ్డాను. అది మాత్రం అబద్ధం కాదు. యాంపులోని పెద్ద సర్క్యూటు బోర్డు పీకేశాను. అచ్చంగా పాతకాలపు పద్ధతిలో, అట్టబిళ్ల లాంటి పలక మీద ఒక్కొక్క రెసిస్టరు, ఒక్కొక్క కెపాసిటరు చేత్తో అతికాను. ట్రాన్స్‌ఫార్మర్లు, డబ్బా మాత్రం పాతవి ఉంచాను. పదకొండు నాబులు పోయి రెండు మిగిలాయి. చివరిగా ఒక వైరు తీసేశాను. మామూలు యాంపుల్లో బయటికి పోయే ధ్వనిలో కొంచెం వెనక్కి తెచ్చి ముందు వాల్వుకు వినిపించే వైరు ఒకటి ఉంటుంది. ఎక్కడ వంకర ఉందో చూసుకుని వాల్వు తనను తాను దిద్దుకుంటుంది. రేడియోవాళ్లకు ఆ వైరు ప్రాణం. పిలకన్న కోరిన పాత గిటారు సర్క్యూటులో అది ఉండదు, అందుకే గట్టిగా కొడితే యాంపు తిరగబడుతుంది. మామ లేని సమయం చూసి అరువు గిటారొకటి తగిలించి, నాకొచ్చిన ఒకే ఒక్క స్వరం మీటి, వాల్యూము చివరిదాకా తిప్పాను. దుకాణంలోని రేకు డబ్బాలన్నీ అదిరేట్టు గర్జించింది. నేను గంతేశాను. స్టూడియో తలుపు మీద నా పేరు కూడా కనిపించింది.

పిలకన్న రావడానికి ముందు రోజు గుడిలో ఉత్సవం అని నాన్న నన్ను పూల కోసం గుడిమల్కాపూర్ మార్కెట్టుకు తోలాడు. బంతి, చామంతి మూటలు కట్టించుకుని వచ్చేసరికి సాయంత్రమైంది. దుకాణంలోకి తొంగి చూస్తే మామ చేతులు కడుక్కుంటున్నాడు, చాలా సంతోషంగా ఉన్నాడు. నాకు చాయ్ తెప్పించి "రేపటి గురించి ఫికర్ చెయ్యకు బేటా, మస్తుగైతది" అన్నాడు. దీవించాడనుకున్నాను. జరిగింది తర్వాత తెలిసింది. నేను లేనప్పుడు ముచ్చటపడి యాంపు ఆన్ చేసి మైకు తగిలించాడు, వాల్యూము పెంచాడు, గరగర వచ్చింది. పిల్లవాడు తప్పు చేశాడు, రేపు పార్టీ ముందు ఇజ్జత్ పోతుంది అని ఆయన గుండె ఆగినంత పనైంది. భోజనానికి ఇంటికి కూడా పోకుండా నాలుగు గంటలు కూర్చుని ఆ వైరు మళ్లీ వేశాడు, ముందు వాల్వు దగ్గర జోరు తగ్గించాడు, గరగర అంతా తుడిచేశాడు. నాకు చెప్తే నేను చిన్నబోతానని చెప్పలేదు. మెప్పు నాకే రావాలని అసలే చెప్పలేదు.

మర్నాడు మామ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చి మూల స్టూలు మీద కూర్చున్నాడు. పని ఉందని బయటికి పంపుదామని చూశాను, కదల్లేదు. పిలకన్న వచ్చి గిటారు తగిలించి మెల్లిగా మీటాడు, తల ఊపాడు. వాల్యూము సగానికి పెంచాడు, తర్వాత చివరిదాకా తిప్పి చెయ్యెత్తి గట్టిగా కొట్టాడు. ధ్వని మా గుడి మైకులో పొద్దుటి మంత్రం వచ్చినంత శుభ్రంగా వచ్చింది. ప్రతి తీగా విడివిడిగా, కడిగిన పళ్లెంలా. మూలన మామ కళ్లు మూసుకుని చిరునవ్వుతో వింటున్నాడు. పిలకన్న ఇంకోసారి కొట్టి, ఇంకోసారి కొట్టి, ఆగాడు. "డర్ట్ ఏది బ్రో? ఇది భజన యాంప్ కదా" అన్నాడు. నేను వంగి నాబు చివరిదాకా తిరిగిందో లేదో చూశాను. అప్పుడు మామ లేచి వచ్చాడు. "ఎట్లుందన్నా ఆవాజు? సాఫ్ ఉంది గద? ఎంత పెంచినా ఒక్క గరగర రాదు" అన్నాడు. పిలకన్న నా వైపు తిరిగి "ఈయనెవరు?" అని అడిగాడు.

ఇక్కడ నేను చెప్పిన మాటను ఈ ఏడేళ్లలో చాలా రకాలుగా మార్చి చూసుకున్నాను. తొందరలో అన్నానని, నోరు జారిందని, ఇంకేదో అనబోయానని. ఏ రకంగా తిప్పినా అది అదే మాట. "మా దుకాణంల పని చేస్తడు. పాతకాలపాయన. నేను లేనప్పుడు చెయ్యి పెట్టినట్టుండు, ఇప్పుడే సరిచేస్త" అన్నాను. దుకాణం ఆయనది. షట్టరు మీద పేరు ఆయనది. నేను కట్టుకున్న ఏప్రాను కూడా ఆయనదే. మామ ముఖం చూడకుండా యాంపు స్విచ్ ఆపి, మరలు విప్పి, వెనక పలక తీశాను. లోపల కొత్త వైరు కనిపించింది. మామ పనే అని చూడగానే తెలిసింది, ఎందుకంటే వైర్లను పూలమాల దారంతో, మా ఇళ్లల్లో దండ కట్టే ముడులతో కట్టడం ఆయనకు తప్ప ఎవరికీ రాదు. కోపంతో ఆ వైరు పట్టి లాగబోయాను. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"సార్, ఆగుండ్రి" అన్నాడు మామ. "చార్జి తియ్యలే సార్."

ముందు ఎవరితో అంటున్నాడో అర్థం కాలేదు. నాతోనే. ఆయన నన్ను పక్కకు జరిపి, తనే చార్జి తీసి, రెండుసార్లు చూసుకుని "ఇగ పెట్టుండ్రి చెయ్యి" అని వెనక్కి తగ్గాడు. పిలకన్నతో "తప్పు నాదే అన్నా. సారు మంచిగనే చేసిండు, నేను తెల్వక ఖరాబ్ చేసిన. సార్‌ను ఏమనకుండ్రి" అన్నాడు. పిలకన్న ఎదుట నా ఉద్యోగం నిలబెట్టడానికి ఏమేం చెయ్యాలో అన్నీ చేశాడు. నేనైనా అప్పుడు నోరు తెరిచి ఈయన మా మామ అని చెప్పి ఉండాల్సింది. ఐదు సెకన్ల పని. ఆ ఐదు సెకన్లు నేను ఆ ముడులు కత్తిరించడానికి వాడుకున్నాను. వైరు తీశాను, జోరు పెంచాను, పలక బిగించాను. పిలకన్న కొట్టాడు. యాంపు చిరిగింది, గర్జించింది, ఆయనకు కళ్లలో నీళ్లొచ్చినంత పనైంది. అరగంట వాయించాడు. రవ్వంత గరగర వింటే అన్నం సహించని మనిషి ఆ అరగంటా చేతులు కట్టుకుని, కస్టమరు ముందు పనివాడు నిలబడినట్టు నిలబడి విన్నాడు. వెళ్తూ పిలకన్న నా భుజం తట్టి "ఒకటో తారీకు నుంచి వచ్చెయ్ ఇంజినీర్" అన్నాడు.

ఆయన వెళ్లాక "మామా" అని ఏదో అనబోయాను. "నౌకరి దొరికింది గద, గంతే చాలు. మీ అమ్మకు చెప్పుండ్రి, సంతోషిస్తది" అన్నాడు. చెప్పుండ్రి అన్నాడు. నేను దాన్ని ఎగతాళి అనుకున్నాను, రెండు రోజుల్లో చల్లారుతుంది అనుకున్నాను.

ఉద్యోగం చేస్తున్నాను, ఇప్పటికీ. ఏం ఉద్యోగం అంటారా? గిటారుకు అన్నం పెట్టే జనం ఎక్కడున్నారు? మొదటి ఏడాది తిరక్కముందే స్టూడియో భక్తి పాటలకు, చిట్‌ఫండు ప్రకటనలకు తిరిగింది. పిలకన్న పిలక తీసేసి క్రాఫు చేయించుకున్నాడు. (ఈ వార్త విని మా నాన్న రెండు రోజులు బాధపడ్డాడు.) నేను పాతగా మార్చిన యాంపు మొత్తం మీద రెండుసార్లు మోగింది, ఇప్పుడు దాని మీద మనీప్లాంటు కుండీ ఉంది. నేను రోజంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, భజన పాటల్లో ఎక్కడ గరగర ఉందో వెతికి మౌసుతో తుడుస్తాను. "ఇంకా కొంచెం ఉంది, క్లీన్‌గా రావాలి" అని పిలక లేని పిలకన్న వెనక నిలబడి చెప్తుంటాడు. నేను ఏ పని నుంచి పారిపోదామని మామను పనివాణ్ణి చేశానో, అదే పని ఏసీలో చేస్తున్నాను. మామ అంత బాగా కూడా చెయ్యను.

మామ మాత్రం ఆ పిలుపు వదల్లేదు. పెళ్లిళ్లలో, పూజల్లో, ఫోనులో, అందరి ముందూ నేను సారునే. మొన్న మా అమ్మ "మామ నిన్ను సార్ సార్ అంటడేందిరా, గదేం పిలుపు?" అని అడిగింది. "ఇంజినీర్ అయిన గదమ్మా, ముద్దుకు అంటడు" అన్నాను. ఆమె తన అన్నయ్య ఎంత మంచివాడో అనుకుని పొంగిపోయింది.

పోయిన ఆదివారం దుకాణానికి వెళ్లాను. నన్ను చూడగానే లేచి, స్టూలు గుడ్డతో తుడిచి "కూసోండ్రి సార్" అన్నాడు. నేను కూర్చోలేదు. "ఇగ చాలు మామా. ఆ రోజు నేను అన్నది తప్పు. నన్ను తిట్టు, కొట్టు, కానీ గట్ల పిలువకు" అన్నాను. ఏడేళ్లు పట్టింది ఆ ఒక్క ముక్క అనడానికి. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అయ్యో, కోపం ఏంలేదు, ఎప్పుడో మర్చిపోయిన" అన్నాడు. ఒక ప్రయత్నం కూడా చేశాడు, నన్ను పేరు పెట్టి "ఒరేయ్" అనబోయి, సగంలో ఆగి, సిగ్గుపడి నవ్వాడు. "నోరు తిరుగుతలేదు సార్. అలవాటైపోయింది" అన్నాడు. చూస్తే అబద్ధం కాదు. ఆయన కళ్లలో వెతికాను, నాకోసం దాచిన కోపం ఎక్కడైనా దొరుకుతుందేమోనని. ఉంటే బాగుండేది. సార్ అనిపించుకోవడానికి అంత తహతహలాడిన ఆ ఇరవై మూడేళ్ల వాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొచ్చింది, కొంచెం జాలి కూడా వేసింది. వాడు కోరుకున్నది వాడికి పూర్తిగా దక్కింది, పాపం. నేను మామ తుడిచిన స్టూలు మీద కూర్చున్నాను. ఆయన బయటికి తొంగి చూసి "సార్‌కు ఒక చాయ్" అని కేకేశాడు.